ఎవరి కోసం ఎవరు ఆగాలి: మేడ పనికి బాణాల పటం

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో నాగోల్. నాలుగేళ్ల కిందట కిందిల్లు కట్టుకున్నాం, ఇప్పుడు పైన ఒక అంతస్తు వేస్తున్నాం. స్లాబు అయింది, గోడలు కూడా లేచాయి. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం. దానికి సరిగ్గా పది వారాలుంది. కిందిల్లు కట్టినప్పుడు ప్లాస్టరింగ్ అంతా అయ్యాక ప్లంబర్ వచ్చి గోడలు పగలగొట్టాడు. ఈసారి అలా కాకూడదని ఎక్సెల్‌లో ప్రతి పనికీ తేదీలు వేసి పెట్టుకున్నాను. మొదటి వారంలోనే అన్నీ తప్పాయి. ఆఫీసులో ఒకరు నెట్‌వర్క్ డయాగ్రమ్ గీయమన్నారు. మా బాబాయి మాత్రం "ముప్ఫై ఏళ్లు పనిచేసిన మేస్త్రికి నువ్వు బొమ్మలు గీసి చూపిస్తావా" అని కోప్పడుతున్నారు. ఇది మాలాంటి చిన్న పనికి పనికొస్తుందా? సాఫ్ట్‌వేర్ కొనాలా? (ఒక పాఠకురాలు, నాగోల్)

జవాబు: మీ తేదీలు ఎందుకు తప్పాయో ముందు చెప్తానమ్మా. మీరు ప్రతి పనికీ తేదీ రాశారు. ఆ పని ఆ రోజే ఎందుకు మొదలవ్వాలో మాత్రం ఎక్కడా రాయలేదు. ప్లాస్టరింగ్ ఫలానా సోమవారం అని రాస్తే, ఎలక్ట్రీషియన్ రెండు రోజులు ఆలస్యం చేసినప్పుడు ఆ సోమవారం ఏమవుతుందో పట్టికకు తెలియదు. దాన్ని మీరే జరపాలి. దాని వెనకున్న పదింటినీ కూడా మీరే జరపాలి. మూడోసారి జరిపేసరికి ఎవరికైనా విసుగొచ్చి వదిలేస్తారు. మీ ఆఫీసువాళ్ల సలహా మంచిదే. తేదీలు పక్కనపెట్టి, ఏ పని ఏ పని కోసం ఆగాలో ముందు రాసుకోవాలి. తేదీలు ఆ లెక్కలోంచి వాటంతట అవే వస్తాయి.

ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని, ఎక్కువగా అపార్ట్‌మెంట్ల మీద. చిన్న పనికి ఈ పద్ధతి అక్కర్లేదని నేను అనుకోను. పెద్ద సైట్‌లో ప్లంబర్ ఆలస్యమైతే మనుషుల్ని ఇంకో అంతస్తుకి పంపుకోవచ్చు. మీకున్నది ఒకటే అంతస్తు, నాలుగు గదులు. ఒకరు ఆగితే అందరూ ఆగుతారు.

సాఫ్ట్‌వేర్ అసలు కొనకండి. ఈ పద్ధతికి పునాది పడింది 1957లో, అమెరికాలో. డ్యూపాంట్ రసాయనాల కంపెనీ నుంచి మోర్గన్ వాకర్, కంప్యూటర్లు తయారుచేసే రెమింగ్టన్ రాండ్ నుంచి జేమ్స్ కెల్లీ కలిసి దీన్ని తయారుచేశారు. అదే రోజుల్లో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే అక్కచెల్లెలి లాంటి పద్ధతిని తెచ్చింది. అవన్నీ పెద్ద కంప్యూటర్లున్నవాళ్ల వ్యవహారాలు. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఫాండాల్ అనే ప్రొఫెసర్, కంప్యూటర్ లేని కట్టడాలవాళ్లు చేత్తో వేసుకోగలిగేలా దీన్ని సులువు చేశారు. పనిని ఒక డబ్బాలో రాసి, డబ్బాల మధ్య బాణాలు గీయడమే. మీకు నేను చెప్పేది ఆ రకమే. పాత పుస్తకాల్లో బాణమే పని, సున్నా గుర్తు పని ముగిసిన చోటు అని ఉంటుంది. అందులో ఉత్తుత్తి పనులకు చుక్కల బాణాలు కూడా గీయాల్సి వస్తుంది. కాలేజీ పరీక్ష రాయడం లేదు కాబట్టి దాని జోలికి వెళ్లకండి.

ఇక బాబాయి మాట. ఆయన మేస్త్రి గౌరవం కోసం అంటున్నారు, అది మంచి మనసే. మేస్త్రికి తన పనిలో ముందువెనకలు మీకంటే, నాకంటే బాగా తెలుసు. కానీ ప్లంబర్ ఎప్పుడొస్తాడో మేస్త్రికి తెలియదు. టైల్స్ వాళ్లు ఎవరో ఎలక్ట్రీషియన్‌కి తెలియదు. కిందింట్లో గోడలు పగిలింది ఎవరి పనితనం తక్కువై కాదు. ఇద్దరి పనుల మధ్య ఉన్న సందు ఎవరి బాధ్యతా కాకపోవడం వల్ల. పటం గీసేది ఆ సందుల కోసం. అందుకే దాన్ని మీరొక్కరే కూర్చుని గీయకండి. ఒక సాయంత్రం మేస్త్రినీ, ప్లంబర్‌నీ, ఎలక్ట్రీషియన్‌నీ, కార్పెంటర్‌నీ చాయ్‌కి పిలవండి. బాబాయినే కూర్చోబెట్టి వాళ్లను మూడు మాటలు అడగమనండి: మీకంటే ముందు ఎవరి పని పూర్తి కావాలి? మీ పని అయ్యాక ఎన్ని రోజులు దాన్ని ముట్టుకోకూడదు? ఏ సామాను లేకపోతే మీరు వచ్చి కూడా తిరిగి వెళ్లిపోతారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే సగం ఆలస్యాలు దొరుకుతాయి. కుళాయిలు ట్రూప్ బజార్‌లో ఇంకా ఎంచుకోలేదనో, బాత్రూమ్ టైల్స్ స్టాక్ లేదనో అప్పుడే బయటపడుతుంది.

వాళ్లు చెప్పింది పట్టికలో రాయండి. మూడు గళ్లు చాలు: పని, ఎన్ని రోజులు, దేని తర్వాత. మీ ఉత్తరాన్ని బట్టి నేనొకటి వేశాను. రోజుల సంఖ్యలు నా అంచనాలు, మీవాళ్లు చెప్పినవి పెట్టి మార్చుకోండి.

| నం. | పని | రోజులు | దేని తర్వాత |
|---|---|---|---|
| 1 | గోడల్లో కరెంటు పైపులు, బాక్సులు | 6 | – |
| 2 | నీళ్ల పైపులు | 4 | – |
| 3 | పైపుల ప్రెజర్ టెస్ట్ | 1 | 2 |
| 4 | లోపలి ప్లాస్టరింగ్ | 12 | 1, 3 |
| 5 | ప్లాస్టరింగ్‌కి నీళ్లు పట్టడం | 7 | 4 |
| 6 | బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ | 5 | 3 |
| 7 | ఫ్లోర్ టైల్స్ | 10 | 5, 6 |
| 8 | కిటికీల కొలత, తయారీ | 21 | 4 |
| 9 | కిటికీల బిగింపు | 2 | 8 |
| 10 | పుట్టీ, ప్రైమర్ | 9 | 5 |
| 11 | వైర్లు, స్విచ్ బోర్డులు | 4 | 10 |
| 12 | తలుపుల బిగింపు | 4 | 7 |
| 13 | కుళాయిలు, కమోడ్లు | 3 | 7 |
| 14 | చివరి కోటు రంగు | 6 | 9, 11, 12 |
| 15 | శుభ్రం చేయడం | 2 | 13, 14 |

ఇందులో 3, 5 చూడండి. ప్రెజర్ టెస్ట్ ఒక్క రోజు పని, దాన్ని ఎవరూ జాబితాలో రాయరు. పైపుల్లో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, ఎక్కడా దిగడం లేదని చూశాకే గోడ మూయాలి. కిందింట్లో మీకు తగిలిన దెబ్బ మళ్లీ తగలకుండా కాచే గడి అదే. ఇక నీళ్లు పట్టడంలో కొత్త పనివాడెవరూ రాడు, అయినా ఏడు రోజులు పోతాయి. మనిషి కనిపించని పనిని మర్చిపోవడం చాలా తేలిక. మేస్త్రి వెళ్లిపోయాక ఆ పైపు పట్టుకునేది ఎవరో, ఆదివారం నాడు కూడా ఎవరో, పేరుతో సహా ఇప్పుడే రాసుకోండి.

పటానికి పాత పెళ్లికార్డులు తీసుకోండి. వెనకవైపు ఖాళీగా ఉంటాయి, గట్టిగానూ ఉంటాయి. ఒక్కో కార్డు మీద ఒక్కో పని, దాని రోజులు రాసి హాల్లో నేల మీద ఎడమ నుంచి కుడికి పరవండి. దేని కోసం ఆగనివి ఎడమ చివర, వాటి కోసం ఆగేవి వాటి పక్కన. అందరూ ఒప్పుకున్నాకే చార్టు మీద అంటించి బాణాలు గీయండి. మొదటే పెన్ను పెట్టి గీస్తే తప్పు తెలిసినా మార్చబుద్ధి కాదు.

పరిచేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. టైల్స్ వేస్తే గానీ తలుపు కింద ఎంత కోయాలో తెలియదని కార్పెంటర్ అంటాడు. తలుపు పని కాకుండా గుమ్మం దగ్గర టైలు ఆపలేనని టైల్స్ మేస్త్రి అంటాడు. బాణం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగి గుండ్రమవుతుంది. గుండ్రం వచ్చిందంటే ఒకే కార్డులో రెండు పనులు దాక్కున్నాయని అర్థం. ఇక్కడ ద్వారబంధం వేరు, తలుపు వేరు. ద్వారబంధం గోడతోపాటే నిలబడుతుంది, తలుపు టైల్స్ తర్వాత వస్తుంది. కార్డును రెండుగా చింపితే తగవు తీరిపోతుంది. నా అనుభవంలో పనివాళ్ల మధ్య వచ్చే వాదాల్లో చాలా భాగం ఇలాంటివే, ఇద్దరూ నిజమే చెప్తుంటారు.

ఇప్పుడు లెక్క. గోడలు పూర్తయిన రోజుని సున్నా అనుకుని ఎడమ నుంచి మొదలుపెట్టండి. కరెంటు పైపులు 6వ రోజుకి అవుతాయి. నీళ్ల పైపులు, టెస్ట్ కలిపి 5వ రోజుకి అవుతాయి. ప్లాస్టరింగ్ రెండింటి కోసమూ ఆగాలి కాబట్టి పెద్ద సంఖ్య తీసుకోవాలి, 6. దానికి 12 కలిపితే 18. నీళ్లు పట్టడం 25కి, టైల్స్ 35కి, తలుపులు 39కి పూర్తి. ఇంకో దారిలో 25 నుంచి పుట్టీ 34కి, స్విచ్ బోర్డులు 38కి. మూడో దారిలో ప్లాస్టరింగ్ అయిన 18వ రోజున కిటికీల కొలత తీసుకుంటే తయారై వచ్చేసరికి 39, బిగించేసరికి 41. చివరి కోటు ఈ మూడు దారుల కోసమూ ఆగాలి. 39, 38, 41లో పెద్దది 41. అక్కణ్నుంచి రంగు 47కి, శుభ్రం 49కి.

తర్వాత కుడి చివర నుంచి వెనక్కి రండి. ఈసారి, 49కి అంతా ముగియాలంటే ఒక్కో పని ఎంత ఆలస్యంగా పూర్తయినా ఫరవాలేదో చూస్తారు. రెండు బాణాలు బయటికి పోయే చోట చిన్న సంఖ్య తీసుకోవాలి. రంగు 41కి మొదలవ్వాలి కాబట్టి తలుపులు 41కి అయితే చాలు, 39కే అవుతాయి, అంటే 2 రోజుల వెసులుబాటు. కుళాయిలు 38కి అవుతాయి, 47 వరకూ ఆగొచ్చు, 9 రోజులు. వాటర్‌ప్రూఫింగ్ 10కి అవుతుంది, 27 వరకూ ఆగొచ్చు, 17 రోజులు. ఇంజనీర్లు దీన్ని ఫ్లోట్ అంటారు. కరెంటు పైపులు, ప్లాస్టరింగ్, కిటికీల తయారీ, బిగింపు, చివరి కోటు, శుభ్రం ఉన్న దారిలో వెసులుబాటు సున్నా. అదే క్రిటికల్ పాత్. అందులో ఏది ఒక్క రోజు ఆలస్యమైనా ఇల్లు పూర్తవడం ఒక్క రోజు ఆలస్యమవుతుంది.

ఈ పటం నాకు నచ్చేది ఇందుకే. ఇంట్లో అందరూ టైల్స్ మేస్త్రి మీద ఒత్తిడి పెడుతుంటారు, ఎందుకంటే అతను కళ్లముందు కనిపిస్తాడు. పని మొత్తాన్ని పట్టి ఆపుతున్నది మాత్రం ఎక్కడో షెడ్డులో తయారవుతున్న కిటికీలు.

వెసులుబాటు గురించి ఒక జాగ్రత్త. నీళ్లు పట్టడం, టైల్స్, తలుపులు మూడింటికీ 2 రోజులని పటం చూపిస్తుంది. అవి తలా రెండు కావు, ముగ్గురికీ కలిపి రెండు. టైల్స్ వాళ్లు వాడేసుకుంటే కార్పెంటర్‌కి ఏమీ మిగలదు. ఉమ్మడి కుటుంబంలో ఒకే డబ్బాలో ఉన్న పంచదార లాంటిది. ఇంకోటి, వాటర్‌ప్రూఫింగ్‌కి 17 రోజులున్నాయని దాన్ని వాయిదా వేయకండి. నీళ్లు నిలబెట్టి చూసినప్పుడు కారితే మళ్లీ చేయాలి కదా, ఆ 17 రోజులు దానికి దాచుకోవాలి.

కిటికీలు అడ్డమని తెలిసింది కదా, వాటి ఆర్డర్ ముందే ఇస్తే? ప్లాస్టరింగ్ తర్వాత కొలత తీసుకోవడమే మామూలు పద్ధతి. కానీ ప్లాస్టరింగ్ మందం ఎంతో మేస్త్రీ కిటికీలవాళ్లూ కలిసి తేల్చుకుని, ఆ సైజుకి చెక్క ఫ్రేమ్ పెట్టి అంచులు తీయడానికి మేస్త్రి ఒప్పుకుంటే, గోడలో ఖాళీని బట్టి ఇప్పుడే ఆర్డర్ ఇవ్వొచ్చు. అప్పుడు కిటికీలు 21కే తయారు, 23కే బిగింపు. 18 రోజులు ముందుకొచ్చాయి. మరి ఇల్లు ఎన్ని రోజులు ముందు పూర్తవుతుంది? రెండే. ఎందుకంటే ఇప్పుడు టైల్స్, తలుపుల దారి అందరికంటే పొడుగైంది, మొత్తం 47. ఒక దారిని కుదిస్తే దాని పక్కదారి లేచి కూర్చుంటుంది. అందుకే డబ్బు పోసి ఏ పనినైనా తొందర చేయించే ముందు లెక్క మళ్లీ వేసి చూడాలి.

ఇంతవరకూ కాగితం. కాగితం మీద టైల్స్, పుట్టీ ఒకేసారి 25వ రోజున మొదలయ్యాయి, బాణాల ప్రకారం తప్పేం లేదు. మీ నాలుగు గదుల్లో అది జరగదు. పుట్టీ దుమ్ము తడి టైళ్ల మీద పడుతుంది, టైళ్ల మీద పుట్టీ వాళ్ల నిచ్చెన నిలబడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే పుట్టీ 34కి, టైల్స్ 44కి, తలుపులు 48కి, రంగు 54కి, శుభ్రం 56కి. 47 మీద తొమ్మిది రోజులు పెరిగాయి. కార్డు చింపే ఉపాయమే ఇక్కడ కూడా పనికొస్తుంది. పుట్టీని పడకగదులు 5 రోజులు, హాలూ వంటగదీ 4 రోజులుగా విడగొట్టండి. టైల్స్‌ని ఐదైదు రోజులుగా విడగొట్టండి. పడకగదుల పుట్టీ 30కి అవగానే అక్కడ టైల్స్ మొదలవుతాయి, 35కి పూర్తి. ఆలోగా హాల్లో పుట్టీ 34కి అయిపోతుంది. హాలు టైల్స్ 40కి, తలుపులు 44కి, రంగు 50కి, శుభ్రం 52కి. నాలుగు రోజులు తిరిగొచ్చాయి, అదనంగా రూపాయి పెట్టకుండానే.

ఇవన్నీ పనిరోజులు. పది వారాల్లో ఆదివారాలు తీస్తే మీకు 60 ఉంటాయి. 52 పోతే 8. మధ్యలో ఆషాఢం వస్తుంది. గోల్కొండతో మొదలై లష్కర్, లాల్ దర్వాజా దాకా బోనాల ఆదివారాలుంటాయి, వాటి మర్నాడు సోమవారాలు ఎవరు పనికొస్తారో చెప్పలేం. అడ్డా మీద కూలీలు కూడా దొరకరు. వానలూ అప్పుడే. కాబట్టి ఆ ఎనిమిది ఎక్కువేం కాదు, వాటిని ఎవరికీ చెప్పకుండా మీ దగ్గరే ఉంచుకోండి.

ఈ 52 రోజుల లెక్కలో రంగు 44కి మొదలవుతోంది. కిటికీలు ప్లాస్టరింగ్ తర్వాతే ఆర్డర్ ఇచ్చినా 41కి వచ్చేస్తాయి. మరి ముందే ఆర్డర్ ఇవ్వడం దేనికని మీకు సందేహం రావాలి. కిటికీలవాళ్లను మూడు సంఖ్యలు అడగండి: అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురైతే ఎన్ని. 15, 21, 33 అన్నారనుకుందాం. పెర్ట్ లెక్కలో మామూలు సంఖ్యకు నాలుగింతల బరువిచ్చి, మూడింటినీ కలిపి ఆరుతో భాగిస్తారు. 15, 84, 33 కలిపితే 132, ఆరో వంతు 22. అది సగటు మాత్రమే, హామీ కాదు. చెడ్డ సంఖ్యని కూడా పటంలో పెట్టి చూడాలి. ప్లాస్టరింగ్ తర్వాత ఆర్డర్ ఇచ్చి 33 పడితే కిటికీలు బిగించేసరికి 53. రంగు తొమ్మిది రోజులు ఆగుతుంది, ఇల్లు 61కి పూర్తవుతుంది. మీ దగ్గరున్నవి 60. అదే ఈ వారం ఆర్డర్ ఇస్తే 33 పట్టినా 35కి బిగింపు అయిపోతుంది, రంగుకి ఇంకా తొమ్మిది రోజుల ముందే. కనుక మీరు చేయాల్సిన పనుల్లో మొదటిది కిటికీలవాళ్లకు ఫోన్ చేయడం.

పటం గీశాక గోడకి తగిలించి వదిలేస్తే అది కూడా మీ ఎక్సెల్ లాగే పాతబడుతుంది. ప్రతి ఆదివారం అరగంట కూర్చోండి. అయినవాటికి రంగు వేయండి, సగంలో ఉన్నవాటికి ఇంకా ఎన్ని రోజులని పనివాణ్నే అడిగి రాయండి, కుడి చివరి సంఖ్య మళ్లీ కట్టండి. ఎక్సెల్‌ని దీనికి వాడుకోవచ్చు. మొదలయ్యే రోజు గడిలో తేదీ టైప్ చేయకుండా, ముందు పనుల ముగింపుల్లో పెద్దది తీసుకునే ఫార్ములా పెట్టండి. ఒకటి మారితే వెనకవన్నీ వాటంతట అవే కదులుతాయి.

మీ ఉత్తరంలో బయటి ప్లాస్టరింగ్ మాట లేదు, నా పట్టికలోనూ అది లేదు. పరంజా కట్టాలి, వాన లేని రోజులు చూసుకోవాలి. ఆ పరంజా కిటికీలకు అడ్డంగా నిలబడితే బిగించేవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. ఎన్ని రోజులో మేస్త్రిని అడిగి దానికీ ఒక కార్డు రాయండి. అందులోంచి ఒక బాణం 9వ పని వైపు వెళ్తుంది.